మూడు తెల్ల గుండీలు

ఉదయం ఎనిమిదిన్నరకి బొమ్మలక్క తన జీవితం మొత్తంలో ఇంత మంచి పని చేయలేదనుకుంది. ఎనిమిదీ ముప్ఫై అయిదుకి ఆ మంచి పనే తన కొంప ముంచిందని తెలిసింది.

ఆ అయిదు నిమిషాల్లో జరిగింది ఒక్కటే. మ్యూజియం వాళ్ళు పంపిన అట్టపెట్టె అడుగున, పల్చటి కాగితాల కింద ఒక చీటీ కనబడింది.

"బొమ్మ మామూలుదే. ఈ రకంవి మన దగ్గర ఇంకా నాలుగున్నాయి. దీన్ని ప్రదర్శనలో పెడుతున్నది గౌను కోసం. గౌను తీయవద్దు. మార్చవద్దు. ఉతకవద్దు."

చీటీని రెండుసార్లు చదివి బల్ల మీది బొమ్మ వంక చూసింది. తళతళలాడే ఆకుపచ్చ గౌనులో, తెల్ల కాలరుతో, ఆ బొమ్మ పెళ్ళికి బయల్దేరినట్టు నిలబడి ఉంది.

పాత గౌను బల్ల మీద లేదు. బల్ల కింద లేదు. అది ఎక్కడుండాలో బొమ్మలక్కకి బాగా తెలుసు. నిన్న సాయంత్రం తన చేత్తో తనే పీలికల బుట్టలో పడేసింది.

ముందు గదిలోకి ఒక్క ఉరుకు ఉరికింది. అక్కడ ఆడపడుచు కుట్టుమిషను ముందు కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ఎవరిదో చొక్కాకి చేతులు కలుపుతోంది.

"పీలికల బుట్ట ఏదీ?"

ఆడపడుచు సూదులన్నీ ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. ఆ తరువాతే నోరు తెరిచింది.

"ఇవాళ గురువారం కదా వదినా. గుడ్డల బండి వచ్చి పట్టుకుపోయింది."

"ఎప్పుడు?"

"ఏడున్నరకి. నువ్వు లోపల ఆ బొమ్మకి తల దువ్వుతున్నావు. వదినా, వదినా అని నాలుగుసార్లు పిలిచా. నాకు తల దువ్వమంటే మాత్రం నీకు చెయ్యి నొప్పి."

బొమ్మలక్క గడప మీద కూలబడింది.

వీధిలో అందరికీ ఆమె బొమ్మలక్కే. పన్నుల ఆఫీసులో పంతొమ్మిదేళ్ళు ఫైళ్ళు కట్టింది. ఆ పంతొమ్మిదేళ్ళూ ఆదివారం వస్తే చాలు, పాత సామాన్ల సంతల్లో తిరిగి బొమ్మలు ఏరింది. ఆరు నెలల క్రితం జీతం లేని సెలవు పెట్టి, ఆడపడుచు కుట్టుకొట్టు వెనక గదిలో బల్ల వేసుకుని, పాత బొమ్మలు బాగుచేస్తానని బోర్డు కట్టింది. కళ్ళు ఊడినవి, చేతులు వదులైనవి, కుక్క కొరికినవి, అన్నీ వచ్చాయి. పని బాగానే ఉంది. సెలవే అయిపోతోంది. సోమవారం ఆఫీసులో చేరాలి, లేదా రాజీనామా ఇవ్వాలి.

సరిగ్గా అప్పుడే మ్యూజియం నుంచి కబురొచ్చింది. నూటనలభై పాత బొమ్మలున్నాయి, ఏడాది పాటు వాటి బాగోగులు చూసే మనిషి కావాలి. పరీక్షగా ఒక బొమ్మని పంపుతున్నాం, శుభ్రం చేసి గురువారం రెండు గంటలకి తెచ్చి చూపించండి, నచ్చితే పని మీదే.

నచ్చితే ఫైళ్ళకి ఒక దండం. నచ్చకపోతే సోమవారం మళ్ళీ అదే కుర్చీ, అదే టేబులు, పక్కసీటాయనవి అవే దగ్గులు.

పెట్టె విప్పగానే ఆమె ఎగిరి గంతేసింది. నలభై ఏళ్ళ క్రితం మూతబడ్డ బొమ్మల ఫ్యాక్టరీలో తయారైన ఏడో నంబరు బొమ్మ అది. పడుకోబెడితే కళ్ళు మూసే రకం. సరిగ్గా అలాంటిదే ఆమె బీరువాలోనూ ఉంది. మూడు రోజులు దాని ముందు నుంచి లేవలేదు. దూదిపుల్లతో మొహం మీది మకిలి తీసింది. లోపల సాగిపోయిన రబ్బరుతాడు మార్చింది. జుట్టుని చివర్ల నుంచి పైకి, పాయ పాయగా, సూదితో చిక్కు తీసింది.

ఇక మిగిలింది గౌను. ఎవరో ఇంట్లో కుట్టింది. వెలిసిపోయిన గళ్ళగుడ్డ, వంకర అంచు.

బొమ్మలు సేకరించేవాళ్ళ లోకంలో ఇంట్లో కుట్టిన బట్ట అంటే చిన్నచూపు. ఫ్యాక్టరీ బట్టతో ఉంటే నిండు బొమ్మ, ఇంటి బట్టతో ఉంటే అరబొమ్మ. అలాంటిది చేతికొస్తే ముందు బట్ట ఊడదీసి అవతల పారేస్తారు. అరటిపండు తినేవాడు తొక్క వంక చూడడు కదా, వీళ్ళూ అంతే. బొమ్మలక్క ఇప్పటికి మూడువందల బొమ్మలకైనా అలా తీసిపారేసి ఉంటుంది.

ఏడో నంబరు బొమ్మతో ఫ్యాక్టరీ పంపిన అసలు గౌను ఆకుపచ్చది. దానికోసం పదకొండేళ్ళు వెతికి, చివరికి ఒక సంతలో చిల్లుపడ్డ సూట్‌కేసు అడుగున పట్టుకుంది. ఇవాళ పొద్దున్నే బీరువా తెరిచి, తన బొమ్మ ఒంటి మీది ఆ గౌను విప్పి, మ్యూజియం బొమ్మకి తొడిగింది. ఎవరూ అడగలేదు. నిండు బొమ్మని చేసి ఇద్దామనుకుంది. అంతే.

చీటీ చదివిన ఆడపడుచు మిషను మీద చెయ్యి చరిచింది.

"ఏడవకు. ఫోటో ఉందా?"

"పెట్టె వచ్చినప్పుడు తీశాను."

"ఇటు చూపించు. ఓస్, ఇదా! నా పాత దుప్పటి గుడ్డ అచ్చు ఇలాగే ఉంటుంది. టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే ఏళ్ళనాటిదైపోతుంది. అంచు వంకరగా కుట్టడం ఒక్కటే నాకు కష్టం. రెండు గంటలు ఇవ్వు వదినా. ఆ గౌను కుట్టినావిడ వచ్చినా పోల్చుకోలేదు."

బొమ్మలక్క ఆ మాటకి తలూపలేదు. అలాగని వద్దనీ అనలేదు. ఫోను తీసి భర్తకి చేసింది. ఆయన బేకరీ వ్యాను నడుపుతాడు. ఆ టైముకి ఆఖరి కొట్టులో రొట్టెలు దింపేసి ఉంటాడు.

"ఏమండీ, కొంప మునిగింది. వెంటనే రండి."

"ఏమైందోయ్? ఎవరికేమైంది?"

"గౌను పోయింది."

"గౌనా? నువ్వు గౌన్లు ఎప్పుడు వేసుకున్నావ్?"

"అబ్బా, బొమ్మదండీ!"

ఏడు నిమిషాల్లో వ్యాను గుమ్మం ముందుంది.

* * *

పాత గుడ్డల గోదాం రైలుకట్ట అవతల ఉంది. రేకుల కప్పు, ఎత్తయిన గోడలు, లోపల గుడ్డల గుట్టలు. పదిమంది ఆడవాళ్ళు ముక్కాళ్ళ పీటల మీద కూర్చుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, బస్తాలు గుమ్మరించి వేరుచేస్తున్నారు. వెనకాల ఏదో మిషను తిరుగుతోంది. పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు.

అందరికన్నా పెద్దావిడ వీళ్ళని చూసి గుడ్డ కిందికి లాగింది. ఆవిడని అక్కడ అందరూ పెద్దమ్మ అంటున్నారు.

"ఎవరు కావాలి తల్లీ? అమ్మకమా, కొనుగోలా?"

"వెతకడానికొచ్చాం పెద్దమ్మా. కుట్టుకొట్టు బస్తా, పొద్దున ఏడున్నరకి ఎత్తారు. అందులో ఒక చిన్న గౌను..."

"ఏ గుడ్డ?"

"నూలు."

"ఉతికి ఉతికి మెత్తబడిందా, ఇంకా బిరుసుగా ఉందా?"

బొమ్మలక్క వేళ్ళు నలిపి చూసుకుంది, గుర్తురాలేదు.

"పోనీ రంగు?"

"నీలం... బూడిదేమో."

పెద్దమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "నీదేనా అమ్మా ఆ గౌను?"

బొమ్మలక్కకి తల తీసేసినట్టయింది. బొమ్మ నుదుటి మీద వేలు పెట్టి అది ఏ ఏడాదిదో చెప్పగలదు తను. మూడు రోజులు కళ్ళముందున్న గౌను రంగు చెప్పలేకపోయింది. ఫోను తీసి ఫోటో చూపించింది.

"ఓ, ఇంత చిన్నదా!" పెద్దమ్మ పీట మీద నుంచి లేచింది. "చిన్నవి తుడుపుగుడ్డలకి పనికిరావు. మిషనుకి పోతాయి. చీల్చి దూది చేసి పరుపుల్లో కూరతారు."

"ఏ మిషనుకి?"

"వినబడట్లా?"

ముగ్గురూ పరిగెత్తారు. మిషను పక్కన బుట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. మిషనాయన ఒక్కొక్క బుట్టా ఎత్తి లోపలికి తోస్తున్నాడు. బొమ్మలక్క భర్త అడ్డంగా వెళ్ళి రెండు చేతులూ చాపాడు.

"ఆపు బాబూ, ఆపు! లోపల మా ఆవిడ ఉద్యోగం ఉంది!"

మిషనాయన హడలిపోయి మీట కిందికి లాగాడు. ఎవరి వేలో చెయ్యో పడిందనుకున్నాడు పాపం. సంగతి తెలిశాక నాలుగు తిట్లు తిట్టి బీడీ కోసం బయటికి పోయాడు. "పావుగంట. ఆపైన నన్నడక్కండి."

పన్నెండు బుట్టలు. ముగ్గురూ నేల మీద కూర్చుని చేతులు మోచేతుల దాకా పెట్టి కలియదిప్పారు. చొక్కా చేతులు, పసిపిల్లల టోపీలు, సగం మేజోళ్ళు. నాలుగు బుట్టలు అయ్యాయి. ఏడు అయ్యాయి. తొమ్మిదో బుట్టలో పెద్దమ్మ చెయ్యి ఆగింది.

"మెత్తబడినదే," అంది, బయటికి లాగకముందే.

గళ్ళ గౌను బయటికొచ్చింది. చిరుగు లేదు, మరక లేదు. బొమ్మలక్క దాన్ని గుండెలకి హత్తుకుంది. భర్త "హమ్మయ్య" అని గోడకి చేరబడ్డాడు.

ఆ హమ్మయ్య సగంలో ఉండగానే బొమ్మలక్క గౌనుని మళ్ళీ చాచి పట్టుకుంది.

"గుండీలేవీ?"

ఫోటోలో గౌనుకి ముందువైపు మూడు తెల్ల గుండీలున్నాయి. చేతిలో గౌనుకి ఒక్కటీ లేదు.

"కోసేశారమ్మా," అంది పెద్దమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు. "గుండీ ఉంటే మిషను పళ్ళు విరుగుతాయి. బస్తా విప్పగానే ముందు గుండీలు కోసి డ్రమ్ములో వేస్తాం."

డ్రమ్ము మూల ఉంది. బొమ్మలక్క భర్త అందులోకి తొంగిచూసి తల గోక్కున్నాడు. నడుము దాకా గుండీలే. తెల్లవి, మళ్ళీ తెల్లవి, ఇంకా తెల్లవి.

"ఏమోయ్, నేను రొట్టెలు మోసేవాణ్ణి. నాకు తెలిసి ఇది ఇవాళ తేలే బేరం కాదు. ఏవో మూడు తెల్లవి తీసుకుని పద. చెల్లాయ్ కుట్టేస్తుంది."

ఆమెకి ఆ మాట వినబడలేదు. గౌనుని కిటికీ వెలుగులో పెట్టి, మొదటిసారి చూస్తోంది. నిజంగా మొదటిసారి. గుండీ కోసిన చోట దారం కొసలు మిగిలాయి. మామూలు గుండీకి నాలుగు రంధ్రాలు, గుడ్డ మీద నాలుగు పోట్లు ఉండాలి. ఇక్కడ ఒక్కచోటే పొడిచిన లావు దారం. అంటే ఆ గుండీలకి రంధ్రాల్లేవు. వెనక కొక్కెం ఉంది.

"పెద్దమ్మా, కొక్కెం గుండీలు వేరుచేయడానికి ఏదైనా ఉపాయం ఉందా?"

"ఎందుకు లేదు? పళ్ళెంలో పోసి వంచు. బల్లపరుపువి జారిపోతాయి. కొక్కెంవి కొక్కెం తట్టుకుని ఆగిపోతాయి. అవి కోట్లు కుట్టేవాళ్ళు అడిగి మరీ కొంటారు."

"ఇవాళ్టివి పైనే ఉంటాయిగా?"

"పైనే ఉండాలి. నేనే వేశా."

భర్త వ్యానులోంచి రొట్టెల ట్రేలు తెచ్చాడు. పెద్దమ్మ గుప్పిళ్ళతో పోసింది, ఆయన వంచాడు, బొమ్మలక్క మిగిలినవి ఏరింది. మిగతా ఆడవాళ్ళు కూడా పని మానేసి చుట్టూ చేరారు. ఇద్దరు పందెం కాశారు. పది ట్రేలకి నలభై కొక్కెం గుండీలు తేలాయి. ఇత్తడివి, నల్లవి, గుడ్డ చుట్టినవి. పదకొండో ట్రేలో ఒక తెల్లది ఆగింది. ఉబ్బెత్తుగా, మెరుస్తూ. పద్నాలుగో ట్రేలో ఇంకోటి. ఇరవయ్యో ట్రేకి మూడోది.

బొమ్మలక్క మూడింటినీ అరచేతిలో వేసుకుని తిరగేసింది. వెనక ఇత్తడి తీగ, రెండు చుట్లు చుట్టి, ఎడమవైపుకి మెలి తిప్పి ఉంది. కొక్కెంలో దారం ముక్క ఇంకా వేలాడుతోంది.

అలాంటి తీగచుట్టుని తను కనీసం వంద బొమ్మల తలల్లో చూసింది.

"ఏమండీ, ఇవి గుండీలు కావు."

"చంపావు. మళ్ళీ వెతకాలా?"

"అది కాదండీ. ఇవి కళ్ళు. నల్లగుడ్డు వేయకముందు ఉండే ఉత్త తెల్లకళ్ళు. ఆ ఫ్యాక్టరీవే. ఇవి బజార్లో ఎక్కడా అమ్మరు. ఫ్యాక్టరీలో కూర్చుని రంగులు వేసేవాళ్ళ చేతికే వస్తాయి."

పెద్దమ్మ ఆ మూడు కళ్ళనీ వంగి చూసింది. "నిన్నే చూస్తున్నాయే తల్లీ," అంది. గోదాం అంతా గొల్లుమంది.

* * *

ఇల్లు చేరేసరికి పన్నెండూ నలభై. ఆడపడుచు గుమ్మంలో ఎదురొచ్చి చేతిలో గౌను జాడించింది. గళ్ళు, వెలిసిన నీలం, వంకర అంచు, మూడు తెల్ల గుండీలు.

"చూశావా నా పనితనం! అంచు వంకర కోసం ఎడమచేత్తో కుట్టా."

"అసలుది దొరికింది."

"దొరికిందా! మంచిదైంది. ఇలా ఇవ్వు, గుండీలు రెండు నిమిషాల్లో కుట్టేస్తా. తొడిగేయి, తీసుకెళ్ళు, నోరు మూసుకుని నిలబడు. ఏమీ జరగనట్టే."

సూదిలో దారం కూడా ఎక్కించేసింది. బొమ్మలక్క గౌను చాచింది. సూది గుడ్డకి తగలబోయే క్షణంలో వెనక్కి లాక్కుంది.

"వద్దు."

"ఎందుకొద్దు? పిచ్చా నీకు?"

"గౌను మీద ఉన్న దారం, ఈ కొక్కేల్లో ఉన్న దారం ఒక్కటే. చూడు. ఈ కళ్ళు మొదటినుంచీ ఈ గౌనువే అని చెప్పేది ఆ తెగిన కొసలే. నువ్వు కొత్తదారం వేస్తే అది పోతుంది."

"కొసలు చూపిస్తే గుండీలెవరు కోశారని అడగరా?"

"అడుగుతారు."

"అడిగితే?"

"చెప్పాలి."

"చెబితే సోమవారం టిఫిన్ క్యారేజీ కట్టుకుని ఆఫీసుకి పోతావు. పక్కసీటాయన దగ్గులు వింటూ కూర్చుంటావు."

"పోతాను," అంది బొమ్మలక్క.

ఆడపడుచు సూదిని దిండుకి గుచ్చింది. "మా అన్నయ్య నిన్ను చేసుకున్నప్పుడే అనుకున్నా, ఈ ఇంట్లో ఇక సుఖంగా అబద్ధమాడలేమని," అని గొణుగుతూ, ఉత్తరాల కవరు ఒకటి వెతికి, మూడు కళ్ళనీ దారం కొసలు నలగకుండా అందులో వేసి ఇచ్చింది.

* * *

మ్యూజియం మేడమ్ గదిలో గోడ గడియారం రెండు చూపిస్తోంది. మేడమ్ పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. పెట్టె తెరవగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

బొమ్మకి ఒంటి మీద ఒక తెల్లగుడ్డ మాత్రమే చుట్టి ఉంది. పక్కన మడత పెట్టిన గళ్ళ గౌను.

"చీటీ చదవలేదా?"

"బొమ్మ కనబడ్డాక ఇంకేమీ కనబడలేదండీ. ఇవాళ పొద్దున చదివాను."

"గౌను ఎందుకు తీశారు?"

బొమ్మలక్క చెప్పింది. ఇంటిబట్ట అలవాటుగా తీసిపారేసిన సంగతి, ఆకుపచ్చ గౌను, పీలికల బుట్ట, గోదాం, మిషను, కోసిన గుండీలు. ఒక్కటీ దాచలేదు. ఆడపడుచు దుప్పటి గుడ్డతో కుట్టిన గౌను సంగతి కూడా చెప్పేసింది. మేడమ్ మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. కళ్ళజోడు మాత్రం మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీసింది.

"తప్పు నాదేనండీ. గౌను మూడు రోజులు నా బల్ల మీదుంది. నేను దాన్ని చూడనే లేదు. చూసి ఉంటే ఇది అప్పుడే తెలిసేది." కవరు వంచింది. మూడు కళ్ళు బల్ల మీదికి దొర్లాయి.

మేడమ్ భూతద్దం తీసింది. ఒక కన్ను తిరగేసింది. తీగచుట్టు చూసింది. దారం కొస చూసింది, గౌను మీది కొస చూసింది. లేచి వెళ్ళి బీరువాలోంచి మరో ఏడో నంబరు బొమ్మని తెచ్చి, తల వెనక మూత తీసి, లోపలి కళ్ళ తీగతో పక్కపక్కన పెట్టింది. చాలాసేపు అలా వంగే ఉంది.

"ఈ గౌను కుట్టింది ఆ ఫ్యాక్టరీలో బొమ్మలకి రంగులు వేసినావిడ," అంది మేడమ్ చివరికి. "వాళ్ళింటివాళ్ళే ఇచ్చారు. ఊరందరి పిల్లల బొమ్మలకీ మొహాలు వేసి, తన కూతురికి మాత్రం గౌను తనే కుట్టిందట. చక్కటి కథ. కానీ ఆధారం లేదు. ఆరేళ్ళుగా కార్డు మీద 'అని చెబుతారు' అనే రాస్తున్నాం. నాకు ఆ రెండు మాటలంటే ఒళ్ళుమంట."

మేడమ్ భూతద్దం పక్కన పెట్టింది.

"మీరు గుండీలు కుట్టించి తెచ్చి ఉంటే నేను కనిపెట్టేదాన్నంటారా?"

"లేదండీ. మా ఆడపడుచు కుట్టు అలాంటిది."

మేడమ్ మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. వెంటనే అణుచుకుంది.

"చూడండి, ఏడాదికి ఇవ్వను. ముందు మూడు నెలలు. ఏ బొమ్మనైనా ముట్టుకునే ముందు, దాని ఒంటి మీద ఉన్న ప్రతి వస్తువూ కాగితం మీద రాయాలి. గుండీ, దారం, మరక, అన్నీ. నేను సంతకం పెట్టాకే చెయ్యి వేయాలి. ఒప్పుకుంటే సోమవారం తొమ్మిదికి రండి."

"సోమవారమే వస్తానండీ," అంది బొమ్మలక్క. ఎలా లేచిందో, మెట్లు ఎలా దిగిందో ఆమెకి గుర్తులేదు. వ్యాను దగ్గర భర్త మూడు వేళ్ళు చూపించి "మూడు గుండీలూ తీసుకున్నారా?" అనడిగితే, "మూడు నెలలు!" అని అరిచి పక్కన పోయేవాళ్ళని బెదరగొట్టింది.

ఆ సాయంత్రం రాజీనామా ఉత్తరం రాసింది. నాలుగు వరుసలు. మూడు నెలల తరువాత ఏమవుతుందని భర్త అడగలేదు, ఆమె చెప్పలేదు. "మూడు నెలలు ఇచ్చినవాళ్ళు నాలుగోది ఇవ్వరా ఏంటి?" అని ఆడపడుచే ఇద్దరి తరఫునా తేల్చేసింది.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి మ్యూజియం లోపలి గదిలో, పొడవాటి బల్ల ముందు, బొమ్మలక్క మొదటి బొమ్మతో ఒంటరిగా కూర్చుంది. అరచేతి కన్నా కాస్త పెద్దది. మొహం మీద నల్లటి గీత ఒకటి, తుడిచేస్తే నిమిషంలో పోయేది. ఒంటికి ముదురు ఎరుపు ఊలు స్వెట్టరు. ఎవరో ఇంట్లో అల్లింది, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.

ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కాసేపయ్యాక ఒక చెయ్యి తీసి పెన్ను పట్టుకుంది. స్వెట్టరు పొట్టి చెయ్యి దగ్గర ఊలు రంగు మారింది. ఎరుపు అయిపోయి, దానికి దగ్గరగా ఉన్న ఇంకో ఎరుపు తెచ్చి ముగించారు. అది రాసింది. మెడ దగ్గర ఒక కుట్టు జారి, దాన్ని వేరే దారంతో పట్టి కట్టారు. అదీ రాసింది. మోచేతి దగ్గర అరిగింది. పిల్ల దాన్ని అక్కడే పట్టుకుని తిప్పేది కాబోలు.

పదకొండింటికి మేడమ్ తలుపు తోసి చూసింది. "అయిందా?"

"ఇంకా స్వెట్టరు దగ్గరే ఉన్నానండీ," అంది బొమ్మలక్క తల ఎత్తకుండా, మూడో కాగితం తిప్పుతూ.